గడప కోసిన ఏడాది

మధ్యాహ్నమయ్యేసరికి మా ఇంట్లోకి సరస్సు వచ్చేది. ముందు కిటికీ కింద నేల తడిగా మెరిసేది. తరువాత పరుపుల అంచులు తేలేవి. నేను కత్తిరిస్తున్న ఉన్ని ముక్కలు, ఎర్రవీ నీలివీ, ఒక్కొక్కటే లేచి నా చుట్టూ మెల్లగా తిరిగేవి. చల్లటి నీళ్ళు నడుము దాకా, భుజాల దాకా, గడ్డం దాకా వచ్చేవి. తాగుదామని నోరు తెరిచేసరికి ఎవరో భుజం పట్టుకుని కుదిపేవారు.

"వదినా, కత్తి. కత్తి చేతిలోనే ఉంది."

అది జీపార్, మా తమ్ముడి భార్య. నా చేతిలోంచి కత్తి జాగ్రత్తగా తీసి గూట్లో పెట్టేది. నేల పొడిగా ఉండేది. నా నాలుక అంగిట్లో అతుక్కుపోయి ఉండేది. రోజూ ఇదే తంతు.

నా పేరు సెయిల్‌కాన్. నేల మీద పరిచే షిర్దాక్‌లకు పొట్టేలు కొమ్ముల ముగ్గులు ఉన్నిలో కత్తిరించడం నా పని. మూడేళ్ళప్పుడు వచ్చిన జ్వరం నా రెండు కాళ్ళ బలమూ తీసుకుపోయింది. చంకల కింద రెండు కర్రలు పెట్టుకుని నడుస్తాను. దాని గురించి నాకు పెద్ద ఏడుపేమీ లేదు. నేనూ ఈ కాళ్ళూ నలభై ఆరేళ్ళుగా కలిసి కాపురం చేస్తున్నాం, సర్దుకుపోయాం. నన్ను ఏడిపించింది కాళ్ళు కాదు, నిద్ర. రెండేళ్ళుగా ఒంట్లో శక్తంతా ఎవరో తోడి పారబోసినట్టుండేది. పొద్దున రెండు గంటలు పనిచేస్తే చాలు, కళ్ళ ముందు మంచు కమ్మేది.

క్రిందటేడు వేసవిలో కనుమ దాటుతుంటే జీను మీదే నిద్రపోయి జారాను. తమ్ముడు జుమాదిల్ పట్టుకోకపోతే లోయలోకి గొర్రెలకంటే ముందే చేరేదాన్ని. వాడు అప్పుడేమీ అనలేదు. ఈ ఏడు మార్చిలో, మంచు ఇంకా కరగకముందే, చాయ్ తాగుతూ తల వంచుకుని అన్నాడు.

"అక్కా, ఈ ఏడు నువ్వు ఊళ్ళోనే ఉండు."

"ఎందుకు?"

"ఎందుకంటావేంటి. క్రిందటేడు చూశాంగా."

వేసవిలో మా ఊళ్ళో ఎవరుంటారు? రెండు ముసలి కుక్కలు, బడికి సున్నం వేసే ఇద్దరు మనుషులు. మిగతా అందరూ సోంగ్‌కొల్ సరస్సు ఒడ్డున, పచ్చిక మీద గుడారాలు వేసుకుని ఉంటారు. అక్కడ నాకు పొద్దున్న లేచేసరికి గుర్రం ఉంటుంది. గుర్రం ఎక్కాక కాళ్ళు ఎవరివి అని ఎవరూ అడగరు. దాని నాలుగూ పనిచేస్తే చాలు. సంవత్సరంలో మూడు నెలలు నేను అందరంత ఎత్తులో ఉంటాను, కొందరికంటే వేగంగా కూడా వెళ్తాను. ఆ మూడు నెలలు తీసేస్తే నాకు మిగిలేది గోడ, కిటికీ, ఉన్ని. ఆ మాట తమ్ముడికి చెప్పాను, ఏడుస్తూనే చెప్పాను.

వాడు గిన్నె కింద పెట్టాడు. "సరే. జూన్ మొదట్లో బయల్దేరతాం. అప్పటికి నీ అంతట నువ్వు జీనెక్కి, పాత గొర్రెల దొడ్డి గుట్ట చుట్టూ కునుకు తీయకుండా ఒక్క చుట్టు తిరిగి రా. వస్తే తీసుకెళ్తా. లేదంటే నన్నడగొద్దు."

"ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతానందంట," అంది జీపార్ పొయ్యి దగ్గర్నుంచి. వెటకారమే గానీ, నా గిన్నెలో మీగడ ఇంకో గరిటె వేసింది.

వాళ్ళ వైద్యం అదే. మా వైపు మనిషి చిక్కినట్టు కనిపిస్తే కొవ్వు పెడతాం, కొవ్వెక్కినట్టు కనిపిస్తే ఇంకాస్త పెడతాం. కాళ్ళు లేనిదానికి తిండైనా దిట్టంగా ఉండాలని ఊరంతా ఒకే మాట మీద ఉంది. గొర్రెను కోసిన ప్రతి ఇంటి నుంచీ తోక కొవ్వు నా కోసం విడిగా వచ్చేది. పొద్దున రొట్టె, మీగడ, చక్కెర వేసిన పాల చాయ్. మధ్యాహ్నం రొట్టె, నూనెలో వేయించిన పిండి ముక్కలు, అవే బొర్సోక్‌లు, చాయ్. సాయంత్రం మాంసం, దాని మీద చాయ్. ప్రేమతో పెట్టిందాన్ని కాదనడం మాకు రాదు. నా ముఖం గుండ్రంగా, తెల్లగా తయారైంది. చేతులు మాత్రం దూదిలా మెత్తబడ్డాయి. ఒకప్పుడు అరుగు మీద కూర్చుని జీను పట్టుకుని ఒక్క ఊపులో పైకి లాక్కునేదాన్ని. ఇప్పుడు సగం దాకా లేచి, గుర్రం పొట్టకు చెంప ఆనించి, అలాగే కళ్ళు మూసుకునేదాన్ని. గుర్రం పొట్టలో కూడా నీళ్ళ చప్పుడు వినిపించేది.

మా ఊరి ఆసుపత్రిలో ఉన్నది ఒక్కతే మనిషి, మైరమ్. నర్సే, కానీ అందరూ డాక్టరమ్మ అంటారు. నా కంటి రెప్ప కిందికి లాగి చూసింది. వేలు పొడిచి రక్తం తీసుకుంది. నాలుగు రోజులకు నరీన్ పట్నం నుంచి రక్తపరీక్ష కాగితం తెప్పించుకుని వచ్చింది.

"అక్కా, నీ ఒంట్లో పారేది రక్తం కాదు, చాయ్," అంది. "మాంసం తిన్న వెంటనే చాయ్ తాగితే ఆ తిన్న బలం ఒంటికి పట్టదు. గంట ఆగు. నడిచేవాళ్ళు తినే రొట్టె నువ్వు తింటే అది కరిగేదెక్కడ? తగ్గించు. గుడ్డు తిను, కాలేయం తిను, చిక్కుళ్ళు ఉడకబెట్టించుకో. చక్కెర మానేసి ఎండు ఆప్రికాట్ పళ్ళు నానబెట్టుకో."

"కొవ్వు?" అంది జీపార్.

"కొవ్వు కుక్కకు పెట్టు."

"కుక్కకెందుకూ, మా ఆయన లేడూ," అంది జీపార్.

మైరమ్ వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగింది. "నీళ్ళు. రోజుకు ఎనిమిది గిన్నెలు. ఇది అన్నిటికంటే ముఖ్యం."

నేను తలూపాను. మిగతావన్నీ నిజంగానే చేశాను. ఈ ఒక్కటి చెయ్యలేదు. జీపార్ రోజూ చెంబు నింపి నా పక్కన పెట్టేది. అది అటు తిరగగానే నేను కిటికీలోని ఎర్ర జెరేనియం కుండీల్లో పోసేదాన్ని. చాయ్ గిన్నెలు కూడా సగం వాటికే. ఈ పని ఇవాళ మొదలుపెట్టింది కాదు, ఎన్నో ఏళ్ళ అలవాటు.

ఏప్రిల్‌లో జీపార్ అన్నయ్య వచ్చాడు, పచ్చిక హద్దుల సంగతి మాట్లాడడానికి. గొర్రెను కోశారు. నేల మీద భోజనానికి పరిచిన దస్తర్‌ఖాన్ గుడ్డ చుట్టూ పదిమంది కూర్చున్నారు. పెద్దవాడు తన చేత్తో నోట్లో పెట్టడమంటే మాకు గౌరవాల్లోకెల్లా పెద్ద గౌరవం. ఆయన తోక కొవ్వులో మంచి ముక్క కోసి, నా వైపు వంగి, "సెయిల్‌కాన్, నోరు తెరువు" అన్నాడు.

నేను తెరవలేదు. "మన్నించండి అన్నయ్యగారూ, ఇప్పుడు తినడం లేదు."

ఆయన చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. కొవ్వు మణికట్టు మీదుగా చొక్కా చేతిలోకి కారింది. అందరూ రొట్టె వైపు చూస్తున్నారు. చివరికి ఆ ముక్క తనే తిని, హద్దుల గురించి మాట్లాడడం మొదలుపెట్టాడు. జీపార్ ముఖం మాడ్చుకుని లేచి బయటికెళ్ళిపోయింది.

"మా అన్నయ్య చెయ్యి మీకు అంత మైలా?" అంది తరువాత గిన్నెలు కడుగుతూ.

"నేను కొండెక్కాలే, జీపార్."

"ఎక్కండి. ఎవరొద్దన్నారు. మా వాళ్ళ పరువు మీద కాలు పెట్టి ఎక్కండి."

"నాకు కాళ్ళెక్కడివి?"

అది నవ్వకూడదనుకుంది. నవ్వొచ్చేసరికి ఇంకా కోపం వచ్చింది. నాలుగు రోజులు నాకు వండాల్సింది వండింది, మాట మాత్రం వడ్డించలేదు.

చిక్కుళ్ళూ కాలేయమూ పనిచేస్తున్నట్టే ఉండింది. సరస్సు ఇంట్లోకి రావడం ఓ గంట ఆలస్యమైంది. కొమ్ముల ముగ్గు ఒకటి మొత్తం ఒక్క పూటలో కత్తిరించాను. ఆ వారమే పడిపోయాను. నడుములో పోట్లు, చలిజ్వరం, ఒంటికి వెళ్తే మంట. రెండు రోజులు నేను నీళ్ళ అడుగున ఉన్నాను. పైన ఎక్కడో జీపార్ ముఖం, తమ్ముడి ముఖం తేలుతూ కనిపించేవి. వాళ్ళు పిలిచేది వినిపించేది, పలకడానికి ఊపిరి ఉండేది కాదు.

మైరమ్ సూది వేసింది. నాకు తెలివొచ్చాక పక్కన కూర్చుంది.

"నీళ్ళెన్ని తాగుతున్నావు?"

"ఎనిమిది."

"ఎనిమిది గిన్నెలు తాగే మనిషికి ఆ రంగులో పోతుందా? కాచిన చాయ్‌లా ఉంది."

నేను నీళ్ళు నమిలాను. తాగడం రాకపోయినా నమలడం బాగానే వచ్చు. జీపార్ కిటికీ వైపు నడిచింది. మంచు పూర్తిగా పోనేలేదు, ఊళ్ళో ఏ ఇంట్లోనూ ఒక్క మొగ్గ లేదు, మా కుండీలు మాత్రం ఆకు కనబడకుండా విరగబూశాయి. జీపార్ మట్టిలో వేలు పెట్టి చూసింది. ఆ తడి వేలిని నా ముఖం ముందు పెట్టింది.

"ఇదేంటి వదినా?"

చెప్పాను. మా మరుగుదొడ్డి ఇంటికి నలభై అడుగుల దూరంలో ఉంది. గుమ్మంలో జానెడెత్తు గడప. కర్రలతో దాన్ని దాటలేను, ఎవరో ఒకరు ఎత్తి దాటించాలి. చలికాలం ఆరు నెలలూ నేలంతా మంచుగడ్డ. అందుకే రోజుకు రెండుసార్లే వెళ్తాను, పొద్దునొకసారి, చీకటి పడేముందు ఒకసారి. నీళ్ళు తాగితే మూడోసారి వెళ్ళాలి.

"మూడోసారి తీసుకెళ్ళనన్నానా నేను?" అంది జీపార్.

"అనలేదు. నిట్టూర్చావు."

"ఎప్పుడు?"

"నువ్వు కాపురానికొచ్చిన రెండో చలికాలం. చంటిపిల్ల ఏడుస్తుంటే వదిలేసి నన్ను గడప దాటించావు. ఇద్దరం జారి పడ్డాం. నువ్వు లేచి, మంచు దులుపుకుని, నిట్టూర్చావు. అంతే."

జీపార్ కింద కూలబడింది. "ఇరవై రెండేళ్ళు. ఒక్క నిట్టూర్పుకి ఇరవై రెండేళ్ళు దాహంతో చచ్చారా మీరు?" తల గుడ్డతో కళ్ళు ఒత్తుకుంది. "రోజుకు వందసార్లు నిట్టూరుస్తాను నేను. ఆవును చూసి నిట్టూరుస్తాను, పిండి బస్తా చూసి నిట్టూరుస్తాను, మీ తమ్ముణ్ణి చూస్తే ఆపకుండా నిట్టూరుస్తాను. అవన్నీ లెక్కా?"

నేను మంచిదాన్నని, ఎవరికీ భారం కాలేదని లోపల ఎంతో గర్వపడ్డాను అన్నాళ్ళూ. దాని ఏడుపు చూశాక ఆ గర్వం ఎంత పొగరో తెలిసింది. సిగ్గేసింది, చెప్పలేనంత సిగ్గేసింది. మైరమ్ సంచి సర్దుకుంటూ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "మందు నా దగ్గర లేదు, ఆ గుమ్మం దగ్గరుంది" అని వెళ్ళిపోయింది.

ఆ గడప మా నాన్న వేసింది. కొండ మీంచి దుంగ లాక్కొచ్చి, తన గొడ్డలితో తనే చెక్కాడు. గడప తొక్కితే ఇంటి యజమాని మెడ తొక్కినట్టేనని మాకు పాకే వయసు నుంచీ నేర్పుతారు. దాని మీద నిలబడం, దాని మీదుగా చెయ్యి కూడా కలపం. అలాంటిదాన్ని కొయ్యడమన్నది మా ఊళ్ళో ఎవరి ఊహలోకీ రాని మాట. జుమాదిల్ రంపం తెచ్చి గడప ముందు కూర్చున్నాడు. ఒక రోజు దాన్ని చూస్తూ గడిపాడు. రెండో రోజు రంపానికి పదును పెట్టాడు. మూడో రోజు పెట్టిన పదునుకే మళ్ళీ పెట్టాడు.

"ఒద్దులేరా, చెక్క వాలుగా వేస్తే సరిపోతుంది," అన్నాను.

"మంచు పడితే దాని మీంచి నువ్వు జారుబండలా పోతావు," అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "నాన్న చేతి గాట్లున్నాయి అక్కా దీని మీద."

పక్కింటి సబీర్కుల్ తాత కంచె మీంచి తొంగిచూశాడు. "కొయ్యకురా. ఇంటి అదృష్టం పారిపోతుంది."

జీపార్ లోపల్నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పెళ్ళినాడు తల వంచి, కుడికాలు ముందు పెట్టి ఆ గడప దాటి వచ్చిన మనిషి. జుమాదిల్ చేతిలోంచి రంపం లాక్కుంది. "పారిపోయేదైతే తలుపు తీసినప్పుడల్లా పారిపోయేది, తాతా," అని మోకాళ్ళ మీద కూర్చుంది. ముందు ఆ దుంగకు నుదురు ఆనించింది. తరువాత కోసింది. సగం దాకా వచ్చేసరికి జుమాదిల్ కూడా రెండోవైపు పిడి పట్టుకున్నాడు. రంపం పొట్టు గుమ్మంలో పసుపుగా పరుచుకుంది. ఇంట్లో చెట్టుబంక వాసన నిండింది, నేను పుట్టకముందరి అడవి వాసన.

ఆ వారంలోనే గోడ పక్కన, గుమ్మానికి ఆరడుగుల్లో, కొత్త మరుగుదొడ్డి లేచింది. కూర్చోవడానికి బల్ల, పట్టుకోవడానికి గోడ పొడవునా మోకు. మొదటిసారి ఒక్కదాన్నే వెళ్ళి ఒక్కదాన్నే వచ్చాను. వచ్చి చెంబెత్తి గడగడా తాగాను. నీళ్ళకు రుచి ఉంటుందని మరిచిపోయాను. మంచుగడ్డ రుచి, ఇనుము రుచి. తాగుతుంటే చల్లదనం గొంతులోంచి భుజాల్లోకి, వేళ్ళలోకి పాకడం తెలిసింది. కాసేపు కదలకుండా కూర్చుని, అది ఎక్కడెక్కడికి చేరుతుందో చూస్తూ ఉన్నాను. కిటికీ బయట కొండలన్నీ నీళ్ళు కారుస్తున్నాయి.

నెల తిరక్కుండానే కలల్లో సరస్సు ఎండిపోయింది. మధ్యాహ్నం దాని కోసం చూస్తే నేల నేలలాగే ఉండేది, కత్తి చేతిలో కదులుతూనే ఉండేది. మొదట్లో ఆ కల పోయినందుకు బెంగ కూడా వేసింది. జీపార్ బార్లీ పులియబెట్టి చిక్కటి జార్మా చేసేది, దాంతో కడుపు బరువెక్కకుండా ఆకలి తీరేది. వాగు పక్కన లేత దురదగొండి ఆకు కోసి గుడ్డుతో కలిపి వండేది. చాయ్ మాంసం తర్వాత గంటకు, అదీ పలుచగా. తిన్నాక దూలానికి కట్టిన తాడు పట్టుకుని నా బరువు నేను పైకి లాక్కునేదాన్ని. మొదటి వారం మూడుసార్లు, మే నెలాఖరుకు ఇరవైసార్లు. కాళ్ళు మాత్రం ఎప్పటి కాళ్ళే. వాటికి ఏ చిక్కుళ్ళూ పనిచెయ్యవు, నేనూ అడగలేదు.

పరీక్ష రోజున మొదటిసారి చెయ్యి జారి అరుగు మీద కూలబడ్డాను. జుమాదిల్ అడుగు ముందుకేశాడు. "అక్కడే ఉండు," అన్నాను. రెండోసారి జీను మీద ఉన్నాను. పాదాలు పట్టీలతో కట్టుకుని గుట్ట చుట్టూ తిరిగొచ్చాను. కావాలని రెండో చుట్టు కూడా తిరిగాను. వాడు గుర్రానికి మేత వెయ్యడానికి వెళ్ళి చాలాసేపటిదాకా రాలేదు.

జూన్ మొదటి వారంలో బయల్దేరాం. ఆరు కుటుంబాలు, గొర్రెల మందలు, గుడారాల కట్టెలు మోసే గుర్రాలు. సబీర్కుల్ తాత అందరికంటే ముందు. కనుమ చేరేసరికి మేఘం మమ్మల్ని మింగేసింది. ముందున్న గుర్రం తోక కనిపిస్తే అదృష్టం. గొర్రెల అరుపులు పైనుంచో కిందనుంచో తెలిసేది కాదు. ఆ తెల్లదనంలో తేలుతున్నట్టు వెళ్తున్నాను, కానీ మెలకువగా, గుర్రం మెడ మీది ప్రతి వెంట్రుకనీ చూస్తూ.

అప్పుడు తెలిసింది, నాకు ఒంటికి వెళ్ళాలి.

ఆ దారి ఒక్క గుర్రం పట్టేంత. ఒకరాగితే వెనకున్నవాళ్ళంతా ఆగాలి, గొర్రెలు చెదురుతాయి. కనుమ మీద ఆడవాళ్ళు దండు ఆపడం ఎన్నడూ లేదు. ఇన్నేళ్ళూ నేను ముందురోజు మధ్యాహ్నం నుంచే గొంతు తడపకుండా ఈ దారి దాటేదాన్ని. ఈసారి పొద్దున్నే నాలుగు గిన్నెలు తాగాను. ఇంకా రెండు గంటల దారి. పళ్ళు బిగపట్టాను. బిగపట్టి, ఎవరి కోసం బిగపట్టానని నన్ను నేనే అడిగాను.

"జుమాదిల్, ఆపు."

మేఘంలోంచి వాడి గొంతు కంగారుగా వచ్చింది. "ఏంటక్కా, నిద్రొస్తోందా?"

"కాదు. ఒంటికి పోవాలి."

వాడు ముందున్నవాడికి చెప్పాడు, ఆ ముందువాడు ఆ పైవాడికి చెప్పాడు. నా అవసరం ఒక్కో నోరే దాటుకుంటూ కొండ మీదికి వెళ్ళింది. "ఆపండి, సెయిల్‌కానక్క ఒంటికి పోవాలంట." "సెయిల్‌కానక్క ఒంటికంట." చెవులు కాలిపోయాయి నాకు. పైనెక్కడో సబీర్కుల్ తాత అరిచాడు, "అయితే ఆగండి, తొందరేముంది, సరస్సు ఎక్కడికీ పోదు."

జీపార్ గుర్రం దిగి వచ్చి నా పట్టీలు విప్పింది. నన్ను బండ వెనక్కి దింపి, తన కోటు విప్పి అడ్డం పట్టింది. అయ్యాక నన్ను లేపబోయి, వెనక్కి తిరిగి చూసి, తగ్గు గొంతుతో అంది.

"వదినా, కాస్త ఈ కోటు పట్టుకోండి. నాకూ పొద్దున్నుంచీ ఆగడం లేదు."

బండకు చేరబడి కోటు పట్టుకున్నాను. అది లేవకముందే మేఘంలోంచి మా చిన్నాన్న కోడలు వచ్చింది. తరువాత సబీర్కుల్ తాత కోడలు. "మీరు దిగారు కదాని," అంటూ ఆమె వెనక ఇద్దరు కూతుళ్ళు. ఒక ముసలామె నడుం పట్టుకుని వస్తూ, నలభై ఏళ్ళుగా ఈ కనుమ ఎండు గొంతుతోనే దాటుతున్నానని చెప్పింది, ఏదో మామూలు సంగతి చెప్పినట్టు. నేను కోటు దించకుండా లెక్కపెట్టాను. పదకొండు మంది.

మగవాళ్ళు గొర్రెల్ని కూడదీసేదాకా మేము ఆ బండ వెనకే ఉన్నాం. జీపార్ నీళ్ళ తిత్తి మూత తీసి ముందు నాకు పోసింది. నేను తాగి పక్కనున్నామెకు ఇచ్చాను. ఆమె గిన్నె పట్టుకుని ఇంకా మిగిలి ఉన్న దారి వైపు ఒకసారి చూసింది. చూసి, మొత్తం తాగేసింది.